మెయిన్‌ఫ్రేమ్ మీద లినక్స్ లేవకపోతే

రాత్రి రెండింటికి సర్వర్ లేవలేదని ఫోన్ వస్తే లేచి కూర్చునే వాళ్ళ కోసం ఈ ప్రసంగం. అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ నేర్చుకుని మెయిన్‌ఫ్రేమ్ ఉద్యోగంలో చేరి, ఇప్పుడు అదే మెషిన్ మీద లినక్స్ కూడా చూసుకోవలసి వచ్చినవాళ్ళు మనలో ఉన్నారు. లినక్స్ కొట్టిన పిండే అయినా మెయిన్‌ఫ్రేమ్ ముందు మొదటిసారి కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. ఈ ఇద్దరూ ఒకే చోట ఆగిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఇన్‌స్టాలేషన్ పూర్తయిందని తెర మీద వస్తుంది. రీబూట్ చేస్తారు. ఆ తర్వాత ఏమీ కదలదు.

అప్పుడు చాలామంది చేసే పని, మళ్ళీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చెయ్యడం. దయచేసి అలా చెయ్యకండి. నేను చూసిన కేసుల్లో దాదాపు అన్నిటిలోనూ డిస్క్ మీద లినక్స్ నిక్షేపంగా ఉంది. బూట్ లోడర్ దగ్గర ఉన్న చిరునామా ఒక్కటే తప్పు. చిరునామా తప్పయితే దిద్దుకోవాలి గానీ, ఇల్లు పడగొట్టి మళ్ళీ కట్టుకోం కదా.

నేను కొత్తగా చేరిన రోజుల్లో జరిగిన సంగతి చెబుతాను. జెడ్‌వీఎమ్ కింద ఒక లినక్స్ గెస్ట్‌ని లేపుతున్నాను. జెడ్‌వీఎమ్ అంటే, ఒకే మెయిన్‌ఫ్రేమ్‌ని వందల కంప్యూటర్లుగా పంచిపెట్టే సాఫ్ట్‌వేర్. అలా పంచిన ఒక్కో వాటాని గెస్ట్ అంటాం. దాని కన్సోల్ 3270 టెర్మినల్. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. కెర్నెల్ మెసేజీలు గబగబా వచ్చాయి, తెర నిండింది, ఆగిపోయింది. పావుగంట చూశాను. ఎంటర్ నొక్కాను. మళ్ళీ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కెర్నెల్ వేలాడిపోయిందని మా సీనియర్ ఒకాయనకి ఫోన్ చేశాను.

"తెర కింద కుడివైపు మూల ఏముందమ్మా?" అన్నారాయన.

"హోల్డింగ్ అని ఉంది సార్."

"ఎంటర్ నొక్కావా?"

"నొక్కాను సార్."

"అదే జరిగింది. క్లియర్ నొక్కు."

నొక్కాను. ఆగిపోయిన మెసేజీలన్నీ ఒక్కసారిగా వచ్చేశాయి. లాగిన్ ప్రాంప్ట్ కూడా వచ్చింది.

అసలు సంగతి ఏమిటంటే, ఆ తెర నిండగానే మూలన 'మోర్' అని పడుతుంది. ఊరుకుంటే నిమిషానికి దానంతట అదే తుడుచుకుని ముందుకు పోతుంది. కంగారుపడి ఎంటర్ నొక్కితే మాత్రం 'హోల్డింగ్'లోకి వెళుతుంది. అంటే, చదవడానికి నువ్వే ఆపమన్నావని దాని లెక్క. ఇక క్లియర్ నొక్కేదాకా కదలదు. లినక్స్ తన మెసేజీలు రాసుకోవడానికి చోటు లేక అక్కడే నిలబడుతుంది. 'టెర్మ్ మోర్ 0 0' అని సీపీకి, అంటే జెడ్‌వీఎమ్ కంట్రోల్ ప్రోగ్రామ్‌కి, ఒక కమాండ్ ముందే ఇచ్చుకుంటే ఈ బాధ ఉండదు. అందుకే నా దగ్గర నేర్చుకునే పిల్లలకి తెరలో మొదట ఆ కుడి మూలే చూపిస్తాను. అక్కడ 'రన్నింగ్' అని ఉంటే గెస్ట్ నడుస్తోంది. 'సీపీ రీడ్' అని ఉంటే గెస్ట్ ఆగిపోయి, పగ్గాలు జెడ్‌వీఎమ్ చేతికి వచ్చాయి. ఈ తేడా తెలియకుండా చేసే రిపేర్ అంతా చీకట్లో తడుములాటే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మెయిన్‌ఫ్రేమ్‌లో బూట్ చెయ్యడాన్ని ఐపీఎల్ అంటారు. ఇనిషియల్ ప్రోగ్రామ్ లోడ్. ఈ పద్ధతి 1964 ఏప్రిల్ 7న ఐబీఎమ్ ప్రకటించిన సిస్టమ్/360 నాటిది. పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. ఏ పరికరం నుంచి లేవాలో దాని నంబరు మనం ఇస్తాం. 0150 అనుకోండి. మెషిన్ ఆ డిస్క్‌లో మొట్టమొదటి సిలిండర్, మొట్టమొదటి ట్రాక్, మొదటి రికార్డు తెరిచి అక్కణ్ణించి కేవలం 24 బైట్లు చదువుతుంది. అందులో మొదటి 8 బైట్లు, పని ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో చెబుతాయి. మిగతా 16 బైట్లు రెండు ఆదేశాలు. ఇంకా ఏం చదవాలో, ఎక్కడ పెట్టాలో వాటిలో ఉంటుంది. ఆ 24 బైట్ల కొసని పట్టుకుని మొత్తం సిస్టమ్ లేస్తుంది. అరవై ఏళ్ళు దాటినా ఆ 24 బైట్లు చెక్కుచెదరలేదు. నాకు ఈ మెషిన్ మీద గౌరవం కలిగింది మొదట ఇక్కడే.

లినక్స్‌ని ఈ మెషిన్ల మీదికి తెచ్చే పని జర్మనీలోని ఐబీఎమ్ బ్యోబ్లింగెన్ ల్యాబ్ ఇంజనీర్లు చేశారు. ఆ కోడ్ 1999 డిసెంబరులో బయటికి వచ్చింది. ఆ 24 బైట్ల దగ్గర నిలబడి లినక్స్ కెర్నెల్‌ని లోపలికి తెచ్చే చిన్న ప్రోగ్రామ్‌ని డిస్క్ మీద రాసిపెట్టేది జిపిల్ అనే కమాండ్. పీసీల మీద గ్రబ్ అనే బూట్ లోడర్ వాడినవాళ్ళు ఇక్కడ ఒక్క తేడా మనసులో పెట్టుకోవాలి. గ్రబ్‌కి ఫైల్‌సిస్టమ్ తెలుసు. లేచేటప్పుడు డైరెక్టరీ తెరిచి, ఫలానా పేరున్న కెర్నెల్ ఫైలు ఎక్కడుందో తనే వెతుక్కుంటుంది. జిపిల్ రాసిపెట్టిన ప్రోగ్రామ్‌కి పేర్లు తెలియవు. దానికి తెలిసినవి బ్లాకు నంబర్లే. జిపిల్ రన్ చేసిన రోజున కెర్నెల్ ఏయే బ్లాకుల్లో ఉందో, ఇనిట్‌ఆర్‌డీ ఏయే బ్లాకుల్లో ఉందో ఒక జాబితా రాసిపెడుతుంది. లేచేటప్పుడు ఆ జాబితా ప్రకారం పోయి చదువుతుంది, అంతే. లిలో అనే పాత బూట్ లోడర్ వాడినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది.

ఇనిట్‌ఆర్‌డీ అన్నాను. కెర్నెల్ లేవగానే వాడుకునే చిన్న తాత్కాలిక ఫైల్‌సిస్టమ్ అది. అసలు డిస్కులని ఆన్ చేసే డ్రైవర్లు, సెట్టింగులు అందులో ఉంటాయి.

ఇక నా చేతిమీదుగా జరిగిన రెండో సంగతి. ఒక గెస్ట్‌లో ఏదో సెట్టింగ్ కోసం ఇనిట్‌ఆర్‌డీని డ్రాకట్ అనే కమాండ్‌తో కొత్తగా తయారు చేశాను. పాత ఫైలు పేరే, పాత చోటే. తర్వాత జిపిల్ రన్ చెయ్యడం మరిచిపోయాను. ఆ రాత్రే రీబూట్ చేశాను. చక్కగా లేచింది. పని అయిపోయిందనుకున్నాను. మూడు వారాల తర్వాత ఇంకెందుకో రీబూట్ చేస్తే లేవలేదు. కెర్నెల్ మెసేజీలు వచ్చాయి, చివర్లో రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ చెయ్యలేకపోయానంటూ పానిక్.

ఈ మూడు వారాలూ ఎలా నడిచిందో చూడండి. డ్రాకట్ కొత్త ఇనిట్‌ఆర్‌డీని కొత్త బ్లాకుల్లో రాసింది. పాత ఫైలు డైరెక్టరీలోంచి పోయింది, కానీ పాత బ్లాకుల్లోని బైట్లు అలాగే ఉన్నాయి. బూట్ లోడర్ దగ్గరున్న జాబితాలో పాత నంబర్లే. అందుకే మొదటిసారి పాత ఇనిట్‌ఆర్‌డీతోనే లేచింది. నేను మార్చిన సెట్టింగ్ అసలు అమల్లోకి రాలేదు, నేను గమనించనూ లేదు. ఆ గెస్ట్‌లో బూట్ డైరెక్టరీకి వేరే పార్టిషన్ లేదు, రూట్‌లోనే ఉంది. ఖాళీ అయిన ఆ బ్లాకుల్లోకి రోజులు గడిచేకొద్దీ వేరే ఫైళ్ళు వచ్చి చేరాయి. మూడు వారాలకి బూట్ లోడర్ పాత చిరునామాకి పోతే, ఆ ఇంట్లో వేరేవాళ్ళు కాపురం ఉంటున్నారు. కెర్నెల్ ఫైలుని నేను ముట్టుకోలేదు కాబట్టి అది వచ్చింది. ఇనిట్‌ఆర్‌డీ చోట చెత్త వచ్చింది.

ఆ రాత్రి కూడా ఆ సీనియర్ గారే ఫోన్‌లో ఉన్నారు. "ఇనిట్‌ఆర్‌డీ ముట్టుకున్నావా అమ్మా?" అన్నారు. ఎప్పుడో మూడు వారాల కిందట అన్నాను. "దాని తర్వాత జిపిల్ చేశావా?" నా దగ్గర జవాబు లేదు. ఆయన ఏమీ అనలేదు. "మెనూలో రెండోది పాత కెర్నెల్ ఉంటుంది, దాంతో లేపు" అన్నారు. లేపాను. లేచింది. లోపలికి వెళ్ళి జిపిల్ రన్ చేశాను. పది సెకన్ల పని. మళ్ళీ రీబూట్ చేస్తే మామూలుగా వచ్చేసింది. ఆ పది సెకన్ల పనికి మూడు గంటలు ఒక సర్వీసు ఆగింది.

అందుకే చెబుతున్నాను. బూట్ డైరెక్టరీలో ఏ ఫైలుని మార్చినా, కాపీ చేసినా, బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చినా, పేరు అదే అయినా సరే, జిపిల్ రన్ చెయ్యండి. హైఫన్ పెద్ద 'వి' పెట్టి రన్ చేస్తే ఏ కెర్నెల్ తీసుకుంటోందో, ఏ పారామీటర్లతో, ఏ డిస్క్ మీద రాస్తోందో అన్నీ చూపిస్తుంది. ఆ మెసేజీలు కళ్ళతో చదవండి. ప్యాకేజీ అప్‌డేట్ ద్వారా కెర్నెల్ వస్తే మామూలుగా ఆ ప్యాకేజీలోని స్క్రిప్టే జిపిల్‌ని పిలుస్తుంది. చేత్తో చేసిన పని దగ్గరే మనం దెబ్బతింటాం.

మెనూ అన్నాను కదా, అది కనబడాలంటే ఐపీఎల్ కమాండ్‌లో 'లోడ్‌పారమ్ ప్రాంప్ట్' అని చేర్చాలి. మెనూ వచ్చాక జెడ్‌వీఎమ్‌లో ఉత్త అంకె కొట్టి ఎంటర్ నొక్కితే పని జరగదు. అక్కడ 'హ్యాష్ సీపీ వీఐ వీఎమ్‌ఎస్‌జీ' అని కొట్టి, ఖాళీ ఇచ్చి, ఆ తర్వాత అంకె ఇవ్వాలి. తెర మీదే ఆ సూచన ఉంటుంది, కంగారులో ఎవరూ చదవరు. ఆ అంకె పక్కనే కెర్నెల్ పారామీటర్లు కూడా ఇవ్వొచ్చు. రూట్ డిస్క్ పేరు తప్పయితే అక్కడికక్కడే సరైనది ఇచ్చి ఒకసారికి లేపుకోవచ్చు. నా దృష్టిలో ఈ మెషిన్ మీద ఇంతకన్నా ఉపయోగపడే కిటుకు లేదు.

ఇన్‌స్టాల్ అయిన వెంటనే వచ్చే చిక్కులు కొన్ని వేరుగా ఉంటాయి. అందులో మొదటిది, రీబూట్ చేస్తే మళ్ళీ ఇన్‌స్టాలరే రావడం. జెడ్‌వీఎమ్‌లో ఇన్‌స్టాలర్‌ని రీడర్ నుంచి లేపుతాం. రీడర్ అంటే ఒకప్పుడు పంచ్ కార్డులు చదివిన యంత్రం. ఇప్పుడది కేవలం ఊహ, దాని నంబరు 00సీ. కెర్నెల్, పారామీటర్ ఫైలు, ఇనిట్‌ఆర్‌డీ మూడింటినీ కార్డుల కట్టలాగా వరసగా అందులోకి పంపుతాం. ఒక్కో కార్డు 80 బైట్లు. 1928లో ఐబీఎమ్ తెచ్చిన 80 నిలువు వరసల కార్డు కొలత ఇప్పటికీ ఇక్కడ బతికే ఉంది. ఇన్‌స్టాల్ అయ్యాక గెస్ట్ ప్రొఫైల్‌లో 'ఐపీఎల్ 00సీ' అన్న లైను తీసేసి డిస్క్ నంబరు పెట్టుకోకపోతే, లాగిన్ అయిన ప్రతిసారీ ఇన్‌స్టాలరే పలకరిస్తుంది. అందులో లినక్స్ తప్పేమీ లేదు.

అసలు ఇన్‌స్టాలరే లేవకపోతే ఆ కార్డుల కట్ట వైపు చూడండి. కెర్నెల్‌ని ఎఫ్‌టీపీలో పంపేటప్పుడు బైనరీగా, 80 బైట్ల ఫిక్స్‌డ్ రికార్డులుగా పంపాలి. టెక్స్ట్‌గా పంపితే అక్షరాల కోడ్ మారిపోయి కెర్నెల్ పనికిరాకుండా పోతుంది. పారామీటర్ ఫైలులో ఏ లైనూ 80 అక్షరాలు దాటకూడదు.

గెస్ట్ లేస్తూనే ఆగిపోయి, 'డిజేబుల్డ్ వెయిట్ పీఎస్‌డబ్ల్యూ' అంటూ హెచ్‌సీపీజీఐఆర్450డబ్ల్యూ అనే మెసేజ్ వచ్చిందనుకోండి. ప్రాసెసర్ ఇక ఏ పిలుపుకీ పలకని స్థితికి తనంతట తానే వెళ్ళి నిలబడిందన్నమాట. ఆ లైనులోని అంకెలన్నీ రాసుకోండి, ముఖ్యంగా చివరివి. ఎందుకు ఆగిందో బూట్ లోడర్ ఆ చివరి అంకెల్లోనే రాసి పోతుంది. తెర తుడిచేస్తే అవి పోతాయి. రాసుకునే ఓపిక లేకపోతే ఫోన్‌తో ఫొటో తీసుకున్నా చాలు.

కెర్నెల్ వచ్చి, రూట్ దొరకలేదంటే, నంబరు చూసుకోవాలి. ఈ మెషిన్‌లో డిస్క్‌ని డాస్డీ అంటారు. ప్రతి డాస్డీకీ 0.0.0150 లాంటి ఒక నంబరు ఉంటుంది. ఒక గెస్ట్‌ని కాపీ చేసి రెండోది తయారుచేసినప్పుడు, కొత్త గెస్ట్‌లో డిస్క్ 0250గా చేరిందనుకోండి. కెర్నెల్ పారామీటర్లలో ఇంకా 0150 అని ఉంటే అది రాని చుట్టం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. 'సీఐఓ ఇగ్నోర్' అనే పారామీటర్ కూడా చూడండి. వేల పరికరాలున్న మెషిన్‌లో అనవసరమైనవాటిని కెర్నెల్ ముట్టుకోకుండా ఉండటానికి అది పెడతారు. మన రూట్ డిస్క్ ఆ పక్కన పెట్టేసిన జాబితాలో ఉండిపోతే, అది ఉన్నట్టే లినక్స్‌కి తెలియదు.

కొన్ని డిస్కులని ఒకే వాల్యూమ్‌గా కలిపే ఎల్వీఎమ్ వాడేవాళ్ళకి ఒక్క మాట. రూట్ నిండిపోయిందని ఇంకో డాస్డీ చేర్చి వాల్యూమ్‌ని పెంచుతారు. నడుస్తున్నంతసేపు ఏ ఇబ్బందీ ఉండదు. ఆ కొత్త డిస్క్ నంబరుని బూట్ సెట్టింగుల్లో కూడా చేర్చి, అవసరమైతే ఇనిట్‌ఆర్‌డీని కొత్తగా తయారుచేసి, జిపిల్ రన్ చెయ్యకపోతే, తర్వాతి రీబూట్‌లో వాల్యూమ్ సగమే కనబడి సిస్టమ్ ఆగిపోతుంది. డిస్క్ ఎవరో చేర్చి ఉంటారు, రీబూట్ ఆరు నెలల తర్వాత ఇంకెవరో చేస్తారు. ఈ రెండోవాళ్ళ అవస్థ చెప్పతరం కాదు.

ఎస్‌సీఎస్‌ఐ డిస్కుల మీద, అంటే ఫైబర్ ఛానల్ దారిలో లేపేటప్పుడు ఒక్క నంబరు చాలదు. అడాప్టర్ నంబరు, స్టోరేజ్ పోర్టు పేరు, ఆ స్టోరేజ్‌లో మన డిస్క్‌ని గుర్తించే ఎల్‌యూఎన్ నంబరు, మూడూ కావాలి. పోర్టు పేరుకి, ఎల్‌యూఎన్‌కి చెరి 16 అక్షరాలు. చేత్తో కొడితే ఒక్కటైనా తారుమారు అవుతుంది, కాపీ చేసి పెట్టుకోండి. తెర మీద ఎమ్ఎల్ఓతో మొదలయ్యే మెసేజీల దగ్గరే ఆగిపోతే, మెషిన్ తాలూకు లోడర్ ఇంకా లినక్స్‌ని తేలేకపోయిందని అర్థం. ఆ దశలో లినక్స్ ఫైళ్ళు దిద్దడం వృథా, స్టోరేజ్ చూసేవాళ్ళకి ఫోన్ చెయ్యాలి. 2019లో వచ్చిన జెడ్15 నుంచి ఈ దారిలో సెక్యూర్ బూట్ కూడా ఉంది. అది ఆన్ చేసి ఉంటే సంతకం లేని సొంత కెర్నెల్‌ని లోపలికి రానివ్వదు.

సూసే వాడేవాళ్ళకి ఇంకో మెలిక ఉంది. సూసే లినక్స్ ఎంటర్‌ప్రైజ్ సర్వర్ 12 నుంచి, ముందుగా జిపిల్ ఒక చిన్న లినక్స్‌ని లేపుతుంది, అందులో గ్రబ్ నడుస్తుంది, ఆ గ్రబ్ అసలు కెర్నెల్‌ని తెస్తుంది. గ్రబ్ మెనూ కనబడిందంటే జిపిల్ వంతు పని అయిపోయినట్టే, తప్పు ఆ తర్వాత ఉంది. మెనూ కూడా రాకపోతే తప్పు ముందు ఉంది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 నుంచి మెనూలోని ఒక్కో కెర్నెల్‌కీ ఒక్కో చిన్న ఫైలు ఉంటుంది, జిపిల్ వాటిని చదువుకుంటుంది. పాత అలవాటు కొద్దీ జిపిల్ డాట్ కాన్ఫ్‌లో వెతికితే కెర్నెల్ పేర్లు దొరకవు.

ఏ మెనూ కూడా పనిచెయ్యకపోతే చివరి దారి ఉంది. లేవని గెస్ట్‌ని ముందు పూర్తిగా లాగాఫ్ చెయ్యండి. ఒకే డిస్క్ మీద రెండు లినక్సులు రాస్తే ఉన్నది కూడా పోతుంది, ఇందులో తొందర పనికిరాదు. ఆ డిస్క్‌ని ఆరోగ్యంగా ఉన్న ఇంకో గెస్ట్‌కి లింక్ చేసి, ఆన్‌లైన్ చేసి, మౌంట్ చేసి, ప్రాక్, సిస్, డెవ్ మూడింటినీ దానికి బైండ్ చేసి, చ్‌రూట్‌తో లోపలికి వెళ్ళి జిపిల్ రన్ చెయ్యాలి. ఒక జాగ్రత్త. రక్షించే గెస్ట్‌లో ఆ డిస్క్ నంబరు వేరే ఉంటుంది. ఆ నంబరుని పారామీటర్లలో రాయకండి. డిస్క్ తిరిగి సొంత ఇంటికి వెళ్ళాక ఏ నంబరుతో ఉంటుందో అదే ఉండాలి.

నేర్చుకోవాలనే పిల్లలు మెయిన్‌ఫ్రేమ్ ఎవరిస్తారని దిగులుపడనక్కర్లేదు. 1999లో రోజర్ బౌలర్ మొదలుపెట్టిన హెర్క్యులీస్ అనే ఉచిత ఎమ్యులేటర్ మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. దానిమీద లినక్స్ ఎక్కించి, కావాలని ఇనిట్‌ఆర్‌డీ మార్చి, జిపిల్ చెయ్యకుండా రీబూట్ చేసి చూడండి. విరిచి, బాగు చేసి, మళ్ళీ విరవండి. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు రేపే మీ టెస్ట్ గెస్ట్ మీద మెనూలోని రెండో కెర్నెల్‌తో ఒకసారి లేపి చూడండి. మీ గెస్టుల డిస్క్ నంబర్లు, పోర్టు పేర్లు, ఎల్‌యూఎన్‌లు ఒక కాగితం మీద రాసి, సిస్టమ్ లేవని రాత్రి కూడా మీ చేతికి అందే చోట పెట్టుకోండి.